చిన్న పాస్‌లతో ఆడే జట్టులో టార్గెట్ మ్యాన్ ఇమడగలడా?

మధ్యరేఖ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. అండర్-19 స్థాయిలో ఆడే ఒక ఫుట్‌బాల్ జట్టుకు నేను మూడేళ్లుగా శిక్షణ ఇస్తున్నాను. మేము 4-3-3 (నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు) పద్ధతిలో ఆడతాం. గోల్‌కీపర్ దగ్గర మొదలైన బంతిని వీలైనంత వరకు నేల మీదనే చిన్న పాస్‌లతో ముందుకు తీసుకువెళ్లడం, బంతి చేజారిన మరుక్షణమే ప్రత్యర్థి మీద పడి దాన్ని తిరిగి రాబట్టుకోవడం మా ఆట. నిరుటి వరకు మా సెంటర్ ఫార్వర్డ్ (స్ట్రైకర్) పొట్టిగా, చురుకుగా ఉండేవాడు. తరచూ మిడ్‌ఫీల్డ్‌లోకి దిగివచ్చి నాలుగో మిడ్‌ఫీల్డర్‌లా ఆడేవాడు. వయసు పరిమితి దాటడంతో అతడు వెళ్లిపోయాడు. అతని స్థానంలోకి వచ్చిన కుర్రవాడు ఆరడుగుల మూడంగుళాల పొడగరి. బలమైనవాడు, తలతో కొట్టే హెడర్‌లో దిట్ట, గోల్‌కు వీపు పెట్టి బంతిని అందుకోవడం తెలిసినవాడు; అంటే ముందు భాగంలో బంతి అందుకుని, నిలుపుకుని, తోటివాళ్లకు అందించే టార్గెట్ మ్యాన్ అన్నమాట. వేగం మాత్రం తక్కువ.

అతడు వచ్చాక మా ఆట తీరులో నాకు కొట్టొచ్చినట్టు ఒక మార్పు కనిపిస్తోంది. గత మ్యాచ్‌లో జరిగినదే చెబుతాను. రెండో అర్ధభాగంలో మా ఎడమ సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్) కాళ్ల దగ్గర బంతి ఉంది. ఎనిమిది గజాల దూరంలో మా డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఖాళీగా నిలబడి, అరచేయి చాపి బంతిని కాళ్లకే ఇవ్వమని చూపిస్తున్నాడు. నిరుడైతే ఆ పాస్ కళ్లు మూసుకుని వెళ్లేది. ఈసారి మా వాడు తలెత్తి దూరంగా ఉన్న ఆ పొడుగాటి మనిషిని చూశాడు, బంతిని గాల్లోకి లేపాడు. మా స్ట్రైకర్ ఇద్దరు డిఫెండర్ల మధ్య ఎగిరి హెడర్ గెలిచాడు కూడా. అయితే బంతి పడిన చోట మా వాళ్లు ఒక్కరూ లేరు. ప్రత్యర్థి దాన్ని అందుకుని నాలుగు పాస్‌లలో మా గోల్‌లోకి పంపాడు.

మా సహాయ శిక్షకులలో ఒకరు, ఈ కుర్రవాడు మంచి ఆటగాడే గాని మన పద్ధతికి పనికిరాడని అంటున్నారు. మరొకరు, ఇలాంటి ఆటగాడు దొరకడమే అదృష్టం కాబట్టి పద్ధతినే మార్చుకుందామని అంటున్నారు. నాకు ఈ రెండూ తొందరపాటు మాటలుగానే తోస్తున్నాయి. టార్గెట్ మ్యాన్ ఒక జట్టు ఆట తీరుకు సరిపోతాడో లేదో తేల్చుకోవడానికి ఏం చూడాలి? "పరిస్థితిని బట్టి" అన్న జవాబు కాకుండా, మైదానంలో నేను వెళ్లి పరీక్షించుకోగలిగినది ఏదైనా చెప్పమని మనవి.

నాలుగో నంబర్:

నమస్కారమండీ. నేను పదేళ్లకు పైగా సెంటర్ బ్యాక్‌గా ఆడాను. ఆ అనుభవంతోనే మీ ప్రశ్నను అవతలి వైపు నుంచి చూసి చెబుతాను.

పొడగరి స్ట్రైకర్ ఎదురైనప్పుడు నన్ను ఇబ్బంది పెట్టినది అతని ఎత్తు ఏనాడూ కాదు. దూరం నుంచి గాల్లో వచ్చే బంతి మీద నాకు కావలసినంత సమయం ఉంటుంది. బంతి వైపే ముఖం పెట్టి ముందుకు ఉరుకుతూ ఎగరవచ్చు, అతడేమో వెనక్కి జరుగుతూ ఎగరాలి. నేను హెడర్ ఓడిపోయినా, అతని చుట్టూ వాళ్ల మనుషులు లేకపోతే ఆ ఓటమి నాకు నష్టమే కాదు. మీరు చెప్పిన సంఘటనలో జరిగినది సరిగ్గా అదే. హెడర్ మీ కుర్రవాడు గెలిచాడు, బంతిని మీ జట్టు పోగొట్టుకుంది.

నన్ను నిజంగా కష్టపెట్టినవాళ్లు వేరు. వాళ్లు బంతి రాకముందే నా మీద వీపు ఆనించేవారు. మోచేయి పైకెత్తకుండా, ముంజేతిని నా ఛాతీకి అడ్డంగా ఉంచి, నేను ఏ వైపు ఉన్నానో ఆ స్పర్శతోనే పసిగట్టేవారు. మోకాళ్లు కాస్త వంచి, పిరుదులు వెనక్కి నెట్టి నిలబడితే అంత బరువున్న మనిషిని కదిలించడం ఎవరి తరమూ కాదు. అప్పుడు నేల మీద గట్టిగా కొట్టిన పాస్ అతని దూరపు కాలికి, అంటే నాకు అందని కాలికి వస్తుంది. నేను అతణ్ణి అంటిపెట్టుకుని ఉంటే నా భుజం చుట్టూ తిరిగి వెళ్లిపోతాడు. రెండడుగులు వెనక్కి తగ్గితే ముఖం తిప్పి గోల్ వైపు చూస్తాడు. ఈ సందిగ్ధంలో నేను ఉండగానే వాళ్ల మిడ్‌ఫీల్డర్ ఒకడు నా పక్క నుంచి పరుగు తీస్తాడు, ఒక్క తాకుతో బంతి అతని దారిలో పడుతుంది. అతణ్ణి అడ్డుకుందామంటే ఈ స్ట్రైకర్‌ను వదలాలి, వదిలితే బంతి మళ్లీ ఇతని దగ్గరకే వస్తుంది. నా ఆట జీవితంలో నిద్ర పట్టనివ్వని గోల్స్ అన్నీ ఇలా వచ్చినవే.

ఇది చిన్న పాస్‌ల ఆటే అన్నది గమనించండి. 2013 అక్టోబర్‌లో నార్విచ్ మీద ఆర్సెనల్ తరఫున మిడ్‌ఫీల్డర్ విల్షియర్ కొట్టిన గోల్ మీరు చూసే ఉంటారు. మైదానంలో అంత ఇరుకు చోట అన్ని చిన్న తాకులతో వచ్చిన గోల్‌లో చివరి పాస్ ఎవరిది? ఆరడుగులు దాటిన స్ట్రైకర్ జిరూది. డిఫెండర్ల మధ్య గోడలా నిలబడి, పరుగెత్తి వస్తున్న విల్షియర్ ముందుకు బంతిని అలవోకగా తిప్పి పంపాడు. అంతటి పొట్టి పాస్‌ల జట్టు ఆ గోడ లేకుండా ఆ గోల్ కొట్టగలిగేది కాదు.

అదే జిరూ 2018 ప్రపంచ కప్‌లో ఏడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ చేయలేదు, గోల్ లోపలికి వెళ్లే షాట్ కూడా ఒక్కటి కొట్టలేదు. ఫ్రాన్స్ కప్పు గెలిచింది. ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్‌ను ఫ్రాన్స్ అతడు లేకుండానే ఆరంభించింది. గ్రీజ్మన్, ఎంబాపె, డెంబెలె ముగ్గురూ చురుకైనవాళ్లే అయినా, ముగ్గురూ ఖాళీ చోటు వెతుకుతూ తిరిగేవాళ్లే కావడంతో దాడి ముందుకు సాగలేదు. జిరూ సబ్‌స్టిట్యూట్‌గా దిగాక, అతనితో పాస్ ఇచ్చిపుచ్చుకునే పోగ్బా దూసుకెళ్లి గెలుపు గోల్‌కు కారణమయ్యాడు. రెండో మ్యాచ్ నుంచి జిరూ మొదటి పదకొండు మందిలో స్థిరపడ్డాడు. ఎంబాపె వేగానికి, గ్రీజ్మన్ తెలివికి ఆధారంగా నిలిచే స్తంభం అప్పుడే దొరికింది.

అందువల్ల మీరు చూడవలసినది మీ కుర్రవాణ్ణి కాదు, అతని చుట్టూ పది గజాల వలయాన్ని. అతనికి బంతి చేరే క్షణంలో ఆ వలయంలో మీ వాళ్లు ఎందరున్నారు, వారిలో ఎవరైనా అతణ్ణి దాటి ముందుకు పరుగెత్తుతున్నారా? పాత మ్యాచ్‌ల వీడియో ఉంటే దాన్ని ఆపి ఆపి లెక్కపెట్టండి. నా మట్టుకు నేను ఇంతకంటే నమ్మదగిన పరీక్ష ఎరగను.

పదో నంబర్:

పై సమాధానంలో చాలా భాగంతో నేను ఏకీభవిస్తాను. కానీ ఒక ముఖ్యమైన సంగతి అందులో రాలేదు. ఆ వలయంలోకి ఎవరు రావాలో, వాళ్లకు అక్కడ చోటు మిగులుతుందో లేదో కూడా చూడాలి.

పొడగరి స్ట్రైకర్ ఇబ్రహిమోవిచ్ ఉదాహరణ తీసుకోండి. 2009 వేసవిలో బార్సెలోనా తన స్ట్రైకర్ ఎటోను ఇంటర్ మిలాన్ క్లబ్‌కు ఇచ్చి, పైగా పెద్ద మొత్తం చెల్లించి అతణ్ణి తెచ్చుకుంది. అతడు విఫలమయ్యాడని చాలామంది అంటారు గాని, లీగ్‌లో 29 మ్యాచ్‌లలో 16 గోల్స్ చేశాడు, రియల్ మాడ్రిడ్ మీద గెలుపు గోల్ అతనిదే, జట్టు లీగ్ గెలిచింది. కాళ్లలో ఒడుపు, పాస్‌లో చూపు, దేనికీ కొరత లేదు. అయినా ఒక్క ఏడాదికే ఏసీ మిలాన్‌కు వెళ్లిపోయాడు. ఎందుకంటే మెస్సీ కుడి అంచు నుంచి మధ్యలోకి రావలసిన కాలం అది. మెస్సీకి కావలసిన చోటు, అంటే ప్రత్యర్థి సెంటర్ బ్యాక్‌లకూ మిడ్‌ఫీల్డర్లకూ నడుమ ఉండే ఆ ఖాళీ, ఇబ్రహిమోవిచ్ దిగివచ్చి బంతి అందుకునే చోటే. ఇద్దరూ గొప్పవాళ్లే, ఇద్దరికీ కావలసినది ఒకే పది గజాలు.

కాబట్టి మధ్యరేఖ గారూ, మీ జట్టులో ఆ చోటును వాడుకునే మేటి ఆటగాడు ఎవరు? నిరుడు మీ సెంటర్ ఫార్వర్డ్ దిగివచ్చి ఖాళీ చేసిన మధ్య భాగంలోకి మీ వింగర్లు (అంచుల్లో ఆడే ఫార్వర్డ్‌లు) దూసుకెళ్లేవారనుకుంటాను. ఇప్పుడు అక్కడ ఒక స్తంభం నిలబడింది, దానితో పాటు ఇద్దరు డిఫెండర్లూ అక్కడే నిలబడి ఉంటారు. పాత పరుగుల దారి మూసుకుపోయింది. వింగర్లకు కొత్త దారి చూపకుండా, కుర్రవాడు ఇమడలేదని తేల్చడం న్యాయం కాదు.

ప్రెసింగ్ విషయంలో మాత్రం నాకు నిజంగానే బెంగ ఉంది. బంతి పోయిన వెంటనే మీద పడే జట్టులో మొదటి అడుగు వేయవలసినది సెంటర్ ఫార్వర్డే. అతడు రెండు క్షణాలు ఆలస్యమైతే వెనుక ఉన్న తొమ్మిది మంది శ్రమా వృథా. అలాగని పొడగరులందరూ ఇందులో వెనుకబడతారని చెప్పలేను. 2012-13లో హైంకెస్ శిక్షణలో మూడు ట్రోఫీలూ గెలిచిన బయెర్న్ జట్టులో మాండ్జుకిచ్ అలుపెరగకుండా ప్రత్యర్థి డిఫెండర్ల వెంటపడేవాడు, చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో గోల్ కూడా చేశాడు. అయితే అతడు పరుగెత్తగల ఓపిక ఉన్నవాడు. మీ కుర్రవాడి వేగం తక్కువ అంటున్నారు. వేగం తక్కువైనా ఓపిక, కోణం తెలిస్తే సరిపోతుంది. బంతి ఉన్న సెంటర్ బ్యాక్ వైపు సూటిగా కాకుండా వంపుగా పరుగెత్తి, రెండో సెంటర్ బ్యాక్‌కు వెళ్లే పాస్‌ను తన నీడలో ఉంచుకోగలడా? ఈ నేర్పు లేకపోతే మీ పద్ధతిలో అతనికి తొంభై నిమిషాలు ఇవ్వడం కష్టమేనని నా అభిప్రాయం.

గోల్‌పోస్ట్ వెనుక:

నేను ఒకే మాట చెబుతాను. మీ సమస్య స్ట్రైకర్‌ది కాదు, మీ ఎడమ సెంటర్ బ్యాక్‌ది. ఒత్తిడిలో ఉన్నవాడికి సులువైన దారి కనబడితే అటే వెళతాడు. ముందు ఆ దారి లేదు కాబట్టి ధైర్యం చేసి చిన్న పాస్ ఇచ్చేవాడు. దీనికి స్ట్రైకర్‌ను తీసేయడం మందు కాదు. గాల్లో బంతి ఎప్పుడు వేయవచ్చో, ఎప్పుడు వేయకూడదో ముందే నిర్ణయించి చెప్పాలి.

గోల్ కిక్ (మీ గోల్ ముందు నుంచి ఆటను తిరిగి మొదలుపెట్టే తన్ను) దగ్గర మొదలుపెట్టండి. గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ (ప్రత్యర్థి డిఫెండర్లను దాటి ముందే నిలబడి పాస్ అందుకోకూడదన్న నియమం) వర్తించదు. 2019లో నిబంధన మారాక ఆ కిక్‌ను పెనాల్టీ బాక్స్ లోపలే మీ డిఫెండర్లు అందుకోవచ్చు. అంటే ప్రత్యర్థి మిమ్మల్ని అడ్డుకోవడానికి బాక్స్ దాకా వస్తే, వాళ్ల వెనుక సగం మైదానం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో మీ పొడగరి నిలబడి ఉన్నాడన్న భయమే వాళ్లను ముందుకు రానివ్వదు. వాళ్లు రాకపోతే మీ చిన్న పాస్‌లు మరింత సులువవుతాయి. టార్గెట్ మ్యాన్‌కు బంతి వేయకపోయినా అతడు మీ పద్ధతికి మేలు చేసే తీరు ఇది.

అతణ్ణి సబ్‌స్టిట్యూట్‌గా వాడడం కూడా చిన్నతనమేమీ కాదు. 2010 ప్రపంచ కప్‌లో పోర్చుగల్‌తో మ్యాచ్‌లో, పాస్‌ల ఆటకు పెట్టింది పేరైన స్పెయిన్‌కు దాదాపు గంట సేపు గోల్ దక్కలేదు. టోరెస్ స్థానంలో పొడగరి యోరెంటె దిగాడు. వచ్చిన కాసేపటికే అతని హెడర్‌ను గోల్‌కీపర్ ఆపాడు, డిఫెండర్ల చూపంతా అతని మీదకు మళ్లింది, మరికొద్ది నిమిషాలకే వియా గోల్ చేశాడు. తొమ్మిదేళ్ల తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో, అయాక్స్ మీద టోటెన్‌హామ్ రెండు మ్యాచ్‌ల మొత్తంలో మూడు గోల్స్ వెనుకబడినప్పుడు విరామంలో దిగినదీ అతడే. చివరి క్షణాల్లో సిసోకో పంపిన లాంగ్ బాల్ కోసం అతడు ఎగిరాడు, కింద పడిన బంతి డెలె ఆలీకి, అతని నుంచి లుకాస్ మౌరాకు చేరింది, జట్టు ఫైనల్‌కు వెళ్లింది. నాలుగో నంబర్ గారు చెప్పిన పది గజాల వలయం ఆ గోల్‌లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

మధ్యరేఖ:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని చివరి మూడు మ్యాచ్‌ల వీడియో మొత్తం చూశాను. నాలుగో నంబర్ గారు చెప్పినట్టే, బంతి అతనికి చేరిన ప్రతిసారీ ఆపి, చుట్టూ ఎవరున్నారో కాగితం మీద రాసుకున్నాను. చూసినకొద్దీ నాకే కష్టంగా అనిపించింది. అతనికి వెళ్లిన బంతుల్లో సగానికి పైగా గాల్లో వెళ్లినవే, వాటిలో ఎక్కువ సార్లు దగ్గరలో మా వాళ్లు ఎవరూ లేరు లేదా ఒక్కడే ఉన్నాడు. నేల మీద అతని కాళ్లకు వెళ్లిన పాస్‌లు తక్కువే గాని, వాటిలో దాదాపు అన్నిటినీ అతడు నిలుపుకున్నాడు. ఒకసారి కుడి వైపు మిడ్‌ఫీల్డర్ పక్క నుంచి పరుగెత్తగానే ఒక్క తాకుతో బంతి అతని ముందుకు పెట్టాడు. ఆ కుర్రవాడు షాట్ బయటకు కొట్టాడు కాబట్టి మేమెవరం అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

పదో నంబర్ గారి ఊహ నిజమే. మా ఎడమ వింగర్ జట్టులో అందరికంటే మేటి. అతడు కుడి కాలి ఆటగాడు, అంచు నుంచి లోపలికి కోసుకుని వచ్చి మధ్యలోనే షాట్ తీస్తాడు. ఇప్పుడు ఆ చోటికి వచ్చేసరికి అక్కడ మా స్ట్రైకరూ అతణ్ణి కాపు కాస్తున్న ఇద్దరూ ఉంటున్నారు. రెండు మ్యాచ్‌లలో అతడు విసుగుతో చేతులు ఎగరేయడం వీడియోలో కనిపించింది, దాన్ని నేను క్రమశిక్షణ లోపమనుకుని మందలించాను. అతని ఇబ్బంది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే: ఈ ఇద్దరినీ ఒకరికొకరు అడ్డం రాకుండా ఆడించే దారి ఉందా, లేక ఒకరిని కూర్చోబెట్టాలా?

పదో నంబర్:

కూర్చోబెట్టవద్దు. స్ట్రైకర్ నిలబడే చోటును మార్చండి. ప్రత్యర్థి ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్యలో కాకుండా, వాళ్ల ఎడమ సెంటర్ బ్యాక్‌ను, అంటే మీ కుడి వైపు ఉన్నవాణ్ణి, ఆనుకుని నిలబడమనండి. వాళ్లిద్దరూ అటు లాగబడితే మీ ఎడమ వింగర్‌కు కావలసిన చోటు తిరిగి తెరుచుకుంటుంది. యువెంటస్‌లో శిక్షకుడు అల్లెగ్రీ 2016-17లో ఇంకా దూరం వెళ్లి, మాండ్జుకిచ్‌ను ఏకంగా ఎడమ అంచున ఆడించాడు. అక్కడ అతని మీద ఎగరవలసి వచ్చినది సెంటర్ బ్యాక్‌లు కాదు, పొట్టిగా ఉండే ఫుల్ బ్యాక్‌లు (అంచు డిఫెండర్లు). మధ్య భాగం ఇగ్వాయిన్‌కు మిగిలింది. ఆ జట్టు చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు చేరింది. మీ వాడికి అంచున పరుగెత్తే ఓపిక ఉండకపోవచ్చు, కాబట్టి అంత దూరం వద్దు; పది గజాలు కుడికి జరిగినా చాలు.

నాలుగో నంబర్:

దీనికి సాధన ఎలా చేయించాలో చెబుతాను, మేము ఆడే రోజుల్లో ఫలించిన పద్ధతి ఇది. మైదానంలో సగం మాత్రమే తీసుకుని ఏడుగురిని ఏడుగురితో ఆడించండి. నియమం ఒక్కటే: స్ట్రైకర్ కాళ్లకు పాస్ వెళ్లి, అతడు తాకిన బంతిని మూడో ఆటగాడు పరుగులో అందుకున్న తర్వాతే గోల్ చెల్లుతుంది. మొదటి రోజు గందరగోళంగా ఉంటుంది, అందరూ బంతి కోసం అతని దగ్గరకే వచ్చి గుమిగూడతారు. వారం తిరిగేసరికి ఒకడు దగ్గరకు రావడం, మరొకడు దాటి వెళ్లడం వాళ్లంతట వాళ్లకే అలవాటవుతుంది.

పాస్ ఎంత గట్టిగా ఇవ్వాలన్న దాన్ని కూడా పట్టించుకోండి. కుర్రాళ్లు పెద్ద మనిషిని చూసి మెల్లగా, జాగ్రత్తగా ఇస్తారు. మెల్లగా వచ్చే బంతి డిఫెండర్‌కు వరం; ముందుకు వచ్చి కాలు పెట్టేస్తాడు. గట్టిగా, నేలబారుగా, దూరపు కాలికి రావాలి. ఆ పాస్ ఇవ్వవలసినది మీ సెంటర్ బ్యాక్ కాదు, అరచేయి చాపి నిలబడిన ఆ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డరే. అతని చేతికి గౌరవం దక్కితే మీ పాత ఆటా, కొత్త స్ట్రైకరూ ఒకే పాస్‌లో కలుస్తారు.

గాల్లో బంతి వేయాలనుకుంటే, వేసే ముందు మీ సెంటర్ బ్యాక్ ఒక మాట అరవాలని నియమం పెట్టండి. ఆ అరుపు వినగానే ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు స్ట్రైకర్ కిందికి, ఒక వింగర్ అతని వెనుకకు పరుగెత్తాలి. అరుపు లేకుండా వేసిన లాంగ్ బాల్‌కు సాధనలో వెంటనే ఆట ఆపి, బంతి అవతలి జట్టుకు ఇచ్చేయండి. తర్వాతి మూడు మ్యాచ్‌లు అయ్యాక మళ్లీ అలాగే కాగితం మీద లెక్క రాసి ఇక్కడ పెట్టండి, చూడాలని నాకు చాలా ఆసక్తిగా ఉంది.

మధ్యరేఖ:

తప్పకుండా పెడతానండీ. సోమవారం నుంచి ఏడుగురి ఆట మొదలుపెడుతున్నాం. దానికి ముందు మా ఎడమ వింగర్‌ను పిలిచి, ఆ రెండు మ్యాచ్‌ల వీడియో అతనికి చూపించి మాట్లాడతాను.